మాటలు ఉచితం

థండర్ బేలో ఫోన్ల కొట్టు అమ్మాయి
కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది:
'మాటలు అపరిమితం. దేశమంతటా. రాత్రీ పగలూ.'
నేను నా చెవి చూపించి తల అడ్డంగా ఊపాను.
పాపం సిగ్గుపడి
అదే వాక్యం కింద ఇంకో గీత గీసింది.

పుట్టుచెవుడు మాది, నాదీ మా ఒన్నీదీ.
ఒకే కడుపులో తొమ్మిది నెలలు
ఒకరి మొహం మీద ఒకరం చేతులాడించుకున్నవాళ్లం.
వాడిప్పుడు సరస్సుల మీద గోధుమలు మోసే ఓడలో వంటవాడు,
తీరం కనబడితేనే సిగ్నల్.
నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తాను.
మాకు మాటంటే వెలుతురు, వేళ్లు, కనుబొమలు.
అంటే వీడియో.
అంటే డేటా.
అంటే నెలకి ఇంతే.

కొత్త టవర్ వేసినప్పుడు సంబరపడ్డాను, అబద్ధమెందుకు.
పాతదాంట్లో వాడి చేతులు
జావలో గరిటె తిప్పినట్టు కదిలేవి.
కొత్తదాంట్లో, దేవుడా,
చూపుడువేలి మీద నిన్నటి కత్తిగాటు కూడా కనబడింది!
ఎంత తేటగా కనబడితే అంత ఖర్చని
అప్పటికి తెలీదు.
మూతి వెడల్పు చేసి కడుపు చిన్నది చేసిన కుండ అది,
కాస్త వంచితే చాలు, మొత్తం ఒక్కసారే.

తొమ్మిదిన మొదలైన నెల
ఇరవైకల్లా అడుగంటుతుంది.
'మీ వేగం తగ్గించబడింది' అని సందేశం.
ఎవరు తగ్గించారో ఉండదు.
వాన పడింది అన్నట్టు, అంతే.
బిల్లులో మాత్రం ప్రతిసారీ ఒక వరస:
మాట్లాడిన నిమిషాలు, సున్నా.
మిగిలినవి, అపరిమితం.

ఆపైన మా తమ్ముడు,
నాకన్నా ఎనిమిది నిమిషాలు చిన్న,
చదరాలు చదరాలుగా వస్తాడు.
చెయ్యి లేస్తుంది. ఆగిపోతుంది.
వేళ్లు కరిగిన కొవ్వొత్తుల్లా ఒకదాన్నొకటి అంటుకుంటాయి.
గుండెల దగ్గర నిలబడిపోయిన ఆ చెయ్యి
నొప్పా? బెంగా?
లేక కొత్త చొక్కా చూడమనా?

టైపు చేసుకోవచ్చుగా అంటారు చెవులున్నవాళ్లు.
రాతలో వాడి కనుబొమ ఎక్కడ పెట్టను?
మీ అమ్మ గొంతుని మీరు
రసీదు చదివినట్టు చదువుకుంటారా?

సరే, పొదుపు నేర్చుకున్నాం.
కుశలప్రశ్నలు మానేశాం. వాతావరణం మానేశాం.
నాన్న నడకని వెక్కిరించడం కూడా,
దానికి గదంతా తిరగాలి కాబట్టి, మానేశాం.
ఒకసారి లైబ్రరీ మెట్ల మీద,
తలుపులు మూశాక కూడా బయటికి కారే వైఫై కింద,
మైనస్ ఇరవై రెండులో
గ్లవ్స్ తీసేసి మాట్లాడాను.
తొడుక్కుంటే మాకు నోట్లో గుడ్డలు కుక్కుకున్నట్టే.
'అయిలా, ఇంటికి పో,' అన్నాడు వాడు,
'నీ వేళ్లకి నత్తి వస్తోంది.'

మొన్న తొమ్మిదో తారీకు.
కొత్త నెల, నిండు వేగం.
ఫోన్ ఎత్తేసరికి వాడు కదలకుండా ఉన్నాడు,
చేతులు రెండూ బల్ల మీద బోర్లించి.
మళ్లీ ఇరుక్కుపోయిందనుకున్నాను.
నెట్‌వర్క్ తేరుకుంటుందిలే అని
నేనూ కదలకుండా కూర్చున్నాను.
ఒక నిమిషం. రెండు.
కంపెనీవాళ్లని, వాళ్ల టవర్లని,
నిండు వేగమన్న ఆ రంగుల కాగితాన్ని
కళ్లతోనే తిట్టుకుంటున్నాను.

అప్పుడు చూశాను,
వాడి వెనక మేకుకి వేలాడే గరిటె
ఓడతో పాటు మెల్లగా ఊగుతోంది,
ఎక్కడా తడబడకుండా,
అటూ, ఇటూ.

ఏమీ ఇరుక్కోలేదు.
వాడు ఊరికే నన్ను చూస్తున్నాడు.

చెవులున్నవాళ్ల ఫోన్లలో
మౌనానికి డబ్బు పడదట.
మాకు ఆ నాలుగు నిమిషాలకి ఎంత కోశారో
నేనింకా చూడలేదు.